అడవిలో మాట ఎంత దూరం పోతుంది?

చంద్రపూర్ నుంచి మొహర్లీ గేటు దాటి తాడోబా అడవిలోకి వెళ్లినవాళ్లకు రోడ్డు వారన కొన్ని రాతి స్తంభాలు కనిపిస్తాయి. మనిషి కంటే ఎత్తుగా, ఒకదానికొకటి కొంత ఎడంగా, వరసలో నిలబడి ఉంటాయి. గోండు రాజులు కట్టించినవని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెబుతారు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి తాడు కట్టి, తాడుకు గంటలు కట్టి, ఇక్కడ లాగితే అక్కడ మోగేలా ఏర్పాటు ఉండేదట. రాజుగారు బయలుదేరారన్న కబురు గంట నుంచి గంటకు అందుకుంటూ వెళ్లేదని సఫారీ గైడ్లు ఇవాళ్టికీ చెబుతారు.

ఒక మనిషి కేక పెడితే వినబడేది కొద్ది దూరమే. మధ్యలో ఎవరైనా అందుకొని మళ్లీ కేక పెడితే ఆ దూరం పెరుగుతుంది. ఈ గంటల కథలో ఉన్నది ఇంతే. ఇప్పుడు అదే అడవిలో ఫారెస్టు గార్డు నడుముకు వేలాడే వాకీటాకీకి కూడా అడవి దాటి మాట పంపాలంటే ఇదే దారి. గంట ఉన్నచోటికి, మాట అందుకొని తిరిగి పంపే రిపీటర్ వచ్చింది.

ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్లకు బల్లార్షా స్టేషన్ తెలియకుండా ఉండదు. కాజీపేట నుంచి వచ్చే దారి మహారాష్ట్రలో అడుగుపెట్టి అక్కడ కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. బొగ్గు గనుల్లో పనికని, కాగితం మిల్లులో పనికని తరాల కిందట వెళ్లిన తెలుగు కుటుంబాలు బల్లార్‌పూర్‌లో, చంద్రపూర్‌లో, ఘుగూస్‌లో, రాజురాలో స్థిరపడ్డాయి. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు ఆదిలాబాద్ వైపు నుంచి జనం ఇప్పటికీ వెళ్తారు. కాబట్టి ఆ జిల్లా సంగతి మనకు పరాయిది కాదు. తాడోబాలో పెరిగిన పులులు ప్రాణహిత దాటి మన కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తున్నాయి కూడా.

తాడోబా 1955లో జాతీయ పార్కు అయింది. 1986లో పక్కనే అంధారి అభయారణ్యం వచ్చింది. రెండూ కలిసి 1995లో పులుల అభయారణ్యంగా మారాయి. కోర్ ప్రాంతం 625 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్న బఫర్ కూడా కలిపితే 1,700 దాటుతుంది. టేకు, వెదురు, మధ్యమధ్య గడ్డి మైదానాలు, ఉత్తరాన చిమూర్ కొండలు. అక్కడి అడవిలో సెల్‌ఫోన్ సిగ్నల్ దొరకని చోట్లు చాలా ఉన్నాయి. గార్డు చేతిలో కర్ర ఉంటుంది, నడుముకు సెట్ ఉంటుంది.

2021 నవంబరులో కొలారా వైపు ఒక మహిళా గార్డు పులుల గణన ముందు సర్వే పని మీద సహాయకులతో కాలినడకన వెళ్లి, ఆడపులి దాడిలో ప్రాణం పోగొట్టుకున్నారు. వాకీటాకీ పులిని ఆపలేదు, అది నిజం. కానీ ముందున్న దారిలో పులి కూర్చుని ఉందన్న మాట ఒకరి నుంచి ఇంకొకరికి చేరాలన్నా, గాయపడిన మనిషి దగ్గరకు జీపు రావాలన్నా, తునికాకు సీజన్లో ఊళ్లవాళ్లను హెచ్చరించాలన్నా ఆ మాట ముందు గాలిలో పోవాలి. అది ఎంత దూరం పోతుందన్నదే ఇవాళ్టి ప్రసంగం.

వైర్‌లెస్ సెట్ గురించి జనంలో ఒక గట్టి నమ్మకం ఉంది: వాట్లు ఎక్కువైతే దూరం ఎక్కువవుతుందని. దుకాణంవాడు కూడా అదే చెబుతాడు. లెక్క వేరేలా ఉంది. నేల మీద రేడియో తరంగం దూరం వెళ్లే కొద్దీ చాలా వేగంగా బలహీనపడుతుంది. దూరం రెట్టింపైతే అవతల అందే శక్తి నాలుగో వంతు కాదు, సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. అంటే 5 వాట్ల సెట్టు తీసేసి 50 వాట్లది పెట్టినా, శక్తి పదింతలైనా, దూరం రెట్టింపు కూడా కాదు. బ్యాటరీ మాత్రం తొందరగా అయిపోతుంది. అదే యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే, ఒక్క వాట్ కూడా అదనంగా ఖర్చు లేకుండా, నాలుగింతల శక్తి పెంచినంత ఫలితం వస్తుంది.

ఎత్తు ఎందుకంత ముఖ్యం? అటవీ శాఖ, పోలీసులు, రైల్వేవాళ్లు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు వెళ్లే దారిలోనే వెళ్తాయి. భూమి గుండ్రన. ఛాతీ ఎత్తున, అంటే మీటరున్నర ఎత్తులో పట్టుకున్న సెట్టుకు, అడ్డే లేని చదును నేల మీద కూడా ఐదు కిలోమీటర్ల దగ్గర దిగంతం వచ్చేస్తుంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉంటే చెరో ఐదు, మొత్తం పది. ఇది పుస్తకంలో లెక్క. వెదురు పొదల మధ్య అది రెండు మూడు కిలోమీటర్లకు దిగిపోవడం మామూలే. ఇప్పుడు వంద మీటర్ల ఎత్తున్న కొండ మీద ఒక యాంటెన్నా పెట్టామనుకోండి. దానికి దిగంతం నలభై కిలోమీటర్ల అవతల. గార్డు ఐదు కూడా కలిపితే నలభై ఐదు పైన. కొండకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు ఉన్నా ఇద్దరికీ కొండ కనిపిస్తుంది. వాళ్లిద్దరికీ ఒకరికొకరు కనిపించనక్కర్లేదు.

కొండ దగ్గరకు మళ్లీ వద్దాం. ముందు జీపు సంగతి.

రేడియోను బండిలో పెట్టి మొదట్లో వాడినవాళ్లలో పోలీసులు ఉన్నారు. అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 1928లో బండ్లలో రేడియో పెట్టారు. అయితే అందులో వినడమే ఉండేది, జవాబు చెప్పడానికి వీధి చివర ఫోను వెతుక్కోవాల్సి వచ్చేది. 1933లో న్యూజెర్సీలోని బయోన్ పట్టణం పోలీసు బండ్లలో రెండు వైపులా మాట్లాడే సెట్లు వచ్చాయి. ఆ రోజుల నుంచి ఈ రోజు దాకా బండి సెట్టు బాగా పనిచేయడానికి కారణం దాని వాట్లు కొంతవరకే. అసలు కారణం బండి పైకప్పు.

చేతిసెట్టు మీద ఉండే పొట్టి రబ్బరు యాంటెన్నా ఒక రాజీ. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్లు. దానికి సరైన చిన్న యాంటెన్నా పావు తరంగం, అంటే అర మీటరు. అంత పొడవు నడుముకు కట్టుకొని పొదల్లో నడవలేరు కాబట్టి తీగను చుట్టచుట్టి జానెడు రబ్బరు తొడుగులో పెట్టారు. ఆ చుట్టలోనూ, పక్కనే ఉన్న మనిషి ఒంట్లోనూ పంపే శక్తిలో సగానికి పైగా పోతుంది. ఆ సెట్టునే పట్టుకొని బొలెరో లోపల కూర్చుని మాట్లాడితే చుట్టూ ఉన్న రేకు మిగిలినదాన్ని మింగుతుంది. కిటికీల గుండా బయటపడిందే మిగులు. అందుకే అద్దాలు ఎత్తిన జీపులోంచి అందని కంట్రోల్ రూము, దిగి నిలబడగానే అందుతుంది. బండి కప్పు మధ్యలో అర మీటరు తీగ నిలబెట్టి, దానికి కేబుల్ కలిపితే ఈ నష్టమంతా ఒక్క దెబ్బకు పోతుంది. కప్పు రేకు ఆ తీగకు అద్దంలా పనిచేసి, మిగతా సగం తీగ తనే అయినట్టు తరంగాన్ని చుట్టూ సమానంగా పంపుతుంది. అదే యాంటెన్నాను వెనక బంపర్ మూలకు బిగిస్తే రేకు ఎటు ఎక్కువుందో అటే మాట బాగా పోతుంది. మిగతా దిక్కులు వెలితి పడతాయి.

తాడోబాలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. సఫారీ జిప్సీలకు కప్పే ఉండదు! పులిని చూడడానికి వచ్చినవాళ్ల కోసం పైభాగం తీసేసి ఉంటాయి. రేకు లేనిచోట పావు తరంగం తీగ నిలబెడితే దాని కింద అద్దం లేనట్టే. ఇలాంటి బండికి రెండు దారులున్నాయి. బానెట్ మధ్యలో పెట్టడం ఒకటి. అర మీటరు తీగకు ఆ రేకు దాదాపు సరిపోతుంది, ఎత్తు మాత్రం తగ్గుతుంది. రెండోది, అడుగున రేకు అవసరం లేని అర తరంగం యాంటెన్నాను వెనక గొట్టాల చట్రానికి నిలువుగా బిగించడం. అది మీటరు పొడవుంటుంది. సీట్లలో నిలబడ్డ పర్యాటకుల తలల కంటే పైకి లేస్తుంది కాబట్టి మనుషుల ఒళ్లు అడ్డం రావు. రెండోదే మేలు. కేటలాగులో ఇంకా పొడవైనవి ఉంటాయి. ఎనిమిదింట ఐదు వంతుల తరంగం అంటే మీటరుంపావు తీగ. జాతీయ రహదారి మీద తిరిగే బండికి అవి బాగుంటాయి. వెదురు కొమ్మలు నెత్తి మీద వంగే దారిలో నెల తిరిగేలోగా వంగిపోతాయి. పైగా అవి శక్తిని దిగంతం వైపే పల్చటి పొరలా పంపుతాయి కాబట్టి, దగ్గరలోనే ఎత్తున ఉన్న కొండకు పొట్టి తీగే నయం.

ఇక కేబుల్. ఎవరూ చూడనిది, ఎక్కువగా పాడయ్యేది ఇదే. అయస్కాంతం అడుగు ఉన్న యాంటెన్నా కప్పు మీద అంటించి, కేబుల్‌ని తలుపు సందులోంచి లోపలికి లాగుతారు. రోజుకు ముప్పై సార్లు తలుపు వేస్తారు. ఆరు నెలల తర్వాత ఆ చోట వేలితో తడిమితే కేబుల్ చపాతీలా నలిగి తగులుతుంది. కనెక్టర్ దగ్గర టేపు విప్పితే, లోపల తళతళలాడాల్సిన రాగి జాలీ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఒక వర్షాకాలం నీళ్లు దిగితే చాలు. సన్న రకం కేబుల్ కొత్తదైనా ఐదు మీటర్లకు ఐదో వంతు శక్తి తింటుంది, చిలుము పట్టినది ఎంత తింటుందో ఊహించవచ్చు. దీన్ని కనిపెట్టడానికి ఎస్‌డబ్ల్యూఆర్ మీటరని చిన్న పరికరం ఉంది. యాంటెన్నా వైపు పంపినదానిలో ఎంత వెనక్కి తిరిగి వస్తోందో అది చెబుతుంది. ముల్లు ఒకటిన్నర లోపు ఉంటే చాలావరకు నిశ్చింత. మూడు చూపిస్తే పావు వంతు వెనక్కే వస్తోందన్నమాట. ఎదురుదెబ్బ మొత్తం సెట్టు మీదే. నలిగిన కేబుల్, చిలుము పట్టిన కనెక్టరు మారిస్తే పోయిన దూరం తిరిగి వస్తుంది. కొత్త సెట్టుకు అయ్యే ఖర్చులో అది ఒక మూలకు కూడా రాదు.

ఇప్పుడు కొండ దగ్గరకు వద్దాం.

రిపీటర్ అంటే రెండు చెవులు, రెండు నోళ్లు ఉన్న మాయ యంత్రమేమీ కాదు. ఒక ఫ్రీక్వెన్సీ మీద విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద తిరిగి చెప్పే సెట్టు. గార్డు బటన్ నొక్కితే అతని సెట్టు మొదటి ఫ్రీక్వెన్సీ మీద పంపుతుంది. వదిలితే రెండోదాని మీద వింటుంది. ఒకే యాంటెన్నా మీద గట్టిగా అరుస్తూనే మైళ్ల అవతలి గుసగుస వినాలంటే మధ్యలో గట్టి గోడ ఉండాలి. ఆ గోడ పేరు డూప్లెక్సర్. డబ్బాల్లాంటి లోహపు గొట్టాలు ఆరో నాలుగో వరసగా ఉంటాయి. అది సరిగా శ్రుతి కాకపోతే రిపీటర్ తన గొంతుకు తనే చెవుడు తెచ్చుకుంటుంది. బయటివాళ్లకు దాని మాట ఖంగుమని వినబడుతూనే ఉంటుంది, వాళ్ల మాట మాత్రం దానికి చేరదు.

ఈ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అడవిలో వైర్‌లెస్ గురించి వినే ఫిర్యాదుల్లో తరచుగా వచ్చేది ఇదే: “కంట్రోల్ మాట మాకు బాగానే వస్తోంది, మా మాట వాళ్లకు పోవట్లేదు.” కొండ మీద రిపీటర్‌కు పాతికో యాభయ్యో వాట్లు ఉంటాయి. గార్డు చేతిలో ఐదే. పై నుంచి కిందికి మాట దిగుతుంది, కింది నుంచి పైకి ఎక్కదు. అప్పుడు కొండ మీద వాట్లు పెంచితే లోపం ఇంకా పెరుగుతుంది. పెంచాల్సింది కొండ మీది వినికిడి: మంచి యాంటెన్నా, మందపు కేబుల్, శ్రుతి తప్పని డూప్లెక్సర్. ఒక వ్యవస్థ ఎంత దూరం పనిచేస్తుందో తేల్చేది రిపీటర్ ఎంత దూరం వినబడుతోందన్నది కాదు, ఒంటరిగా నడిచే గార్డు మాట ఎక్కడి నుంచి దానికి చేరుతోందన్నది.

గార్డు చేతిలో ఉన్న ఉపాయాలు కూడా తక్కువవి కాదు. సెట్టు నడుముకు ఉండగా మైకులో మాట్లాడితే ఒళ్లే అడ్డం. తీసి ముఖం ఎదుట, యాంటెన్నా నిలువుగా ఉండేలా పట్టుకోవాలి. అడ్డంగా పట్టుకుంటే నిలువు యాంటెన్నాలతో దానికి పొత్తు కుదరదు. మాట అందకపోతే రెండడుగులు పక్కకు వేసి మళ్లీ ప్రయత్నించాలి. చెట్ల నుంచి, బండల నుంచి తిరిగివచ్చే తరంగాలు ఒకచోట కొట్టుకుని చచ్చిపోతాయి, మీటరు అవతల మళ్లీ కలిసి బతుకుతాయి. రెండు మీటర్ల తరంగానికి రెండడుగుల తేడా చిన్నదేమీ కాదు.

జీపునే రిపీటర్ చేసే పద్ధతి కూడా ఉంది. గార్డు జీపు దిగి కిలోమీటరు లోపలికి నడుస్తాడు. అతని చేతిసెట్టు దగ్గరలో ఉన్న జీపు సెట్టుకు ఒక బ్యాండ్ మీద మాట అందిస్తుంది, జీపు దాన్ని అందుకొని తన పెద్ద యాంటెన్నాతో ఇంకో బ్యాండ్ మీద కొండకు పంపుతుంది. గోండు స్తంభాల వరసలో ఇంకో స్తంభం, ఈసారి చక్రాల మీద. విదేశాల్లో పోలీసులు, అగ్నిమాపక దళాలు దీన్ని వాడుతున్నారు. లోయల్లో, పొదల్లో పనిచేసే బృందాలకు కొత్త టవరు కంటే ఇదే త్వరగా అక్కరకు వస్తుంది.

ఇదే జిల్లాలో బొగ్గు గనులది ఇంకో రకం కష్టం. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఓపెన్‌కాస్ట్ గనుల్లోనైనా, ఇటు మన సింగరేణి ఓపెన్‌కాస్టుల్లోనైనా మనిషి ఉండేది నేలకంటే లోతున. మెట్లు మెట్లుగా తవ్విన బెంచీలు గోడల్లా నిలబడతాయి. అడుగున ఉన్న షావల్ ఆపరేటర్‌కు పై బెంచీ మీది డంపర్ డ్రైవర్ కూడా కనిపించడు. గుంట అంచున రిపీటర్ ఉంటేనే మాట రెండు వైపులా దిగగలదు. తవ్వే కొద్దీ అంచు జరుగుతుంది కాబట్టి, ప్రపంచంలో చాలా గనులు రిపీటర్‌ను ట్రైలర్ మీద పెట్టి గనితోపాటు జరుపుతాయి. భూగర్భ గనుల్లో గాలిలో మాట ఎక్కువ దూరం పోదు. అక్కడ పైపొరకు సన్న చీలికలు పెట్టిన కేబుల్‌ని సొరంగం పొడవునా లాగుతారు. లీకీ ఫీడర్ అంటారు. కారే గొట్టంలా దారంతా రేడియోను వదులుతూ పోతుంది.

ఇక రైల్వేలో లోకో పైలట్‌కు, ట్రైన్ మేనేజర్‌కు 5 వాట్ల వాకీటాకీ, స్టేషన్‌లో 25 వాట్ల సెట్టు. రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ వచ్చాక పట్టాల వెంట 40 మీటర్ల టవర్లు లేస్తున్నాయి. అక్కడ కూడా ఎత్తుకే ఓటు వేశారు.

తిరిగి అడవికి. తాడోబా కోర్‌లో జులై నుంచి సెప్టెంబరు దాకా పర్యాటకం మూతపడుతుంది. దారులు బురద అవుతాయి, జీపులు కదలవు. గార్డులు ఎక్కువగా కాలినడకన గస్తీ తిరిగేది ఆ నెలల్లోనే. సరిగ్గా అప్పుడే రేడియో దూరం కుంచించుకుపోతుంది. మేలో టేకు ఆకు రాల్చి మోడుగా ఉన్నప్పుడు అందిన చోటు నుంచి, ఆగస్టులో చేటంత ఆకులు నీళ్లతో బరువెక్కి నిలబడ్డాక మాట అందదు. తడి ఆకు తరంగాన్ని తాగేస్తుంది. ఇంకా పొట్టి తరంగాలు వాడే యూహెచ్‌ఎఫ్ సెట్లకు ఇది మరీ ఎక్కువ, అందుకే దట్టమైన అడవికి వీహెచ్‌ఎఫ్ మేలంటారు. పైగా మబ్బు పట్టిన వారాల్లో కొండ మీది సోలార్ పలకలకు ఎండ ఉండదు, పిడుగులకు కొదవ ఉండదు. వేసవిలో చంద్రపూర్ ఎండ 47 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కొండ మీది రేకు గదిలో ఉడికిన లెడ్ యాసిడ్ బ్యాటరీ సరిగ్గా వానాకాలానికి చేతులెత్తేస్తుంది. కాబట్టి రిపీటర్‌కు ఎర్తింగు, నీడ, జూన్ మొదటి వారంలో బ్యాటరీ పరీక్ష, ఈ మూడూ టవరు ఎత్తుతో సమానమైన పనులు.

డిజిటల్ సెట్ల గురించి ఒక్క మాట. పాత అనలాగ్ సెట్లో దూరం పెరిగే కొద్దీ గరగర పెరుగుతుంది, అయినా చెవి పెడితే మాట పట్టుకోవచ్చు. డిజిటల్‌లో చివరి దాకా స్వచ్ఛంగా ఉండి, ఒక్కసారిగా తెగిపోతుంది. గరగర అంటే వెనక్కి రమ్మన్న హెచ్చరిక అని పాతవాళ్లు నేర్చుకున్నారు. కొత్త సెట్టుతో ఆ హెచ్చరిక రాదని వాళ్లకు ముందే చెప్పాలి.

మామూలు పౌరులకు కూడా ఈ విద్య అక్కరకొస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్, అంటే అమెచ్యూర్ రేడియో ఆపరేటర్ భారతీ ప్రసాద్, ఫోన్లు చచ్చిపోయిన అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు అందించారు. ఆమె వాడింది ఆకాశపు పొర మీద తట్టి తిరిగివచ్చే హెచ్‌ఎఫ్ తరంగాలు, కొండ అవసరం లేనివి. ఆసక్తి ఉన్నవాళ్లు పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోవచ్చు. లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో కొన్న వాకీటాకీతో ప్రయోగాలు మాత్రం వద్దు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి సెట్లకు మన దేశంలో లైసెన్సు మినహాయింపు ఉంది. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు వివరాలు సరిగా చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకందార్లకు నోటీసులిచ్చింది. పోలీసులో, అటవీ శాఖవాళ్లో మాట్లాడుకునే ఛానెల్‌లో ఒక కుర్రవాడి సరదా అడ్డం పడితే, ఆ క్షణంలో అవతల ఎవరు సాయం కోసం పిలుస్తున్నారో చెప్పలేం.

చంద్రపూర్ అయినా, కవాల్ అయినా, నల్లమల అయినా అటవీ అధికారులకు ఒక విన్నపం. ఆగస్టులో, ఆకు నిండుగా ఉన్నప్పుడు, ప్రతి గస్తీ బీటులోనూ గార్డును ఒకసారి చేతిసెట్టుతో నడిపించండి. ప్రతి అర కిలోమీటరుకూ కంట్రోల్ రూముకు పిలిచి, అందినచోట ఒక గుర్తు, అందనిచోట ఇంకో గుర్తు మ్యాపు మీద పెట్టించండి. తర్వాతి రిపీటర్ ఎక్కడ నిలబెట్టాలో ఆ అందని గుర్తులే చూపిస్తాయి. ఆ మ్యాపు కాపీ ఒకటి ప్రతి గార్డు జేబులో ఉండాలి.